మారిరాజుకి అన్నం

మా నాయన పెద్దకర్మ నాడు, వచ్చినవాళ్ళు బంతికి కూర్చోబోయే వేళకి, కాశీబుగ్గలో మా తమ్ముడి ఇంటి ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒక ముసలామె దిగింది. నడుం కొంచెం వంగింది గానీ మనిషి గట్టిదే. చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. షామియానా కింద నిలబడ్డ మా తమ్ముడి కొడుకుని "మారిరాజు ఇల్లు ఇదేనా బావూ?" అని అడిగింది. వాడు పట్నంలో పుట్టి పెరిగినవాడు. గుమ్మం పక్కన కట్టిన ఫ్లెక్సీలో తాత పేరు సూర్యనారాయణ అని అంతంత అక్షరాలతో ఉంటే, ఈమె ఎవరో రాజుగారిల్లు అడుగుతోందేమిటని "ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరమ్మా" అనేశాడు. లోపల్నించి ఆ మాట విన్న నేను, ఈ మోకాళ్ళతో పరిగెత్తలేను గానీ పరిగెత్తాను. మారిరాజు అని మా నాయనని పిలిచే మనిషి ఇంకా ఒకరు బతికి ఉన్నారన్నమాట!

"నాను అక్కుపల్లి ఎర్రమ్మనమ్మా. నువ్వు ఆ గుంటవేనా?" అంది నా మొహంలోకి చూసి. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. ఆ గుంటనే. అరవై దాటాయి, జుట్టు తెల్లబడింది, ముప్పై ఏళ్ళు టెక్కలిలో బడిపిల్లల మీద అరిచి అరిచి గొంతు పాడు చేసుకున్నాను, అయినా ఆమె ముందు ఆ గుంటనే. ఏడుపొచ్చేసింది. నాయన పోయిన పదకొండు రోజుల్లో అంత ఏడుపు రాలేదు. ఆమె నా వీపు నిమిరి, "ఆనాటిది ఒక పని ఉండిపోనాది, అది సేసీసి ఎల్తాను" అని క్యారేజీ చూపించింది. అదేం పనో నాకు వెంటనే తెలిసింది. మీకు తెలియాలంటే మా నాయన మారిరాజు ఎలా అయ్యాడో చెప్పాలి.

మా చిన్నప్పుడు మేము ఉద్దానంలో, కొబ్బరితోటలకీ జీడితోటలకీ మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాయన పగలంతా కాశీబుగ్గలో ఒక జీడి బట్టీలో గింజలు కాల్చేవాడు. కాల్చిన జీడిగింజ నూనె చేతికి అంటితే సబ్బు పెట్టినా, బూడిద పెట్టినా, ఇసక పెట్టి తోమినా పోదు. నాయన అరచేతులు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆయన ఇంటికొస్తున్నాడని సైకిలు చప్పుడు కన్నా ముందు ఆ ఘాటు పొగ వాసనే చెప్పేది. అమ్మకి ఆ వాసన పడేది కాదు, "బావి కాడ నీల్లు పోసుకుని లోనికి రా" అని అరిచేది. నాకు మాత్రం నాయన అంటే ఆ వాసనే. ఇప్పటికీ పలాస స్టేషన్లో దిగి, ఎక్కణ్ణించో ఆ పొగ తగిలితే ఒక్క క్షణం అక్కడే నిలబడిపోతాను. వెనకొచ్చేవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ.

బట్టీ పని లేని రోజుల్లో నాయన జముకుల కథకి వెళ్ళేవాడు. జముకు అంటే ఒక వైపు తోలు బిగించి, మధ్యలోంచి తీగ లాగి మీటే వాయిద్యం.  మొత్తం ముగ్గురు మనుషులు. పెద్దవాడు అప్పలస్వామి మావ, వరసకి మావే, వీరుడి మాటలూ పాటలూ ఆయనవి. జముకు వాయించే ఆయన ఒకరు. మూడోవాడు మా నాయన, దుర్మార్గుడి మాటలు చెప్పేవాడు. వాళ్ళకి కథలు చాలా వచ్చు గానీ తీరం పొడుగునా ఊళ్ళవాళ్ళు అడిగేది ఒక్కటే, పోలన్న కథ.

పోలన్న సముద్రపొడ్డు ఊళ్ళని కాచిన వీరుడు. మారిరాజు ఆ ఊళ్ళ చెరువులకి కాపలా పెట్టి, తనకి మొక్కినవాడికే తాగే నీళ్ళు అన్న దుర్మార్గుడు. పోలన్న ఒక్కడే వెళ్ళి ఆ కాపలా ఎత్తించాడు. ఎదురుపడి గెలవలేనని తెలుసుకుని మారిరాజు ఏం చేశాడంటే, పోలన్న అక్క నీలమ్మని పెళ్ళాడి బావ అయ్యాడు. ఆ తరవాత ఒకనాడు భోజనానికి పిలిచాడు. తోడబుట్టిన అప్ప ఇంటికి కత్తి పట్టుకుపోకూడదని పోలన్న కత్తి ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. మారిరాజు పీట వేసి, కాళ్ళకి నీళ్ళిచ్చి, తన చేత్తో వడ్డించాడు. పోలన్న మొదటి ముద్ద కలిపి తల వంచగానే వెనకనించి పొడిచాడు. పోలన్న తిరిగి చూసి అన్న ఆఖరి మాట "బావా!" ఒక్కటే. అయినదానికీ కానిదానికీ బావా బావా అనుకునే మా జనానికి ఆ ఒక్క మాట చాలు. ఆడామగా గుండెలు బాదుకునేవాళ్ళు. కథ అయ్యాక నిజంగా చావింటినించి వచ్చినట్టు అందరూ తలస్నానం చేసి గానీ పొయ్యి వెలిగించేవాళ్ళు కాదు.

దానికి తోడు ఇంకో పద్ధతి ఉండేది. పోలన్నని చంపిన రోజున మారిరాజు మాటలు చెప్పినవాడికి ఆ ఊరు అన్నం పెట్టదు. అన్నం దగ్గర చంపినవాడికి అన్నం లేదు, అంతే. అప్పలస్వామి మావకీ జముకాయనకీ విస్తరి వేసి కొసరి కొసరి వడ్డించేవాళ్ళు. మా నాయన మాత్రం కథ అయిన మరుక్షణం కండువా దులుపుకుని, ఎవరితో మాట్లాడకుండా, ఊరి వెనక దారి పట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఆయన వాటా బియ్యం మర్నాడు మావ తెచ్చిచ్చేవాడు. అందుకని ఆ రోజుల్లో అమ్మ ఎంత పొద్దుపోయినా ఆయన కోసం అన్నం ఉంచేది. నాయన ఈ పద్ధతికి ఎప్పుడూ బాధపడలేదు. "అన్నం పెట్టీసినారంటే నాను సరిగ్గా సెప్పనట్టే గదే" అని నవ్వేవాడు.

ఆ నవ్వే మనిషిని చూస్తే మారిరాజు అని ఎవరూ అనుకోరు. జెర్రి కనబడితే చీపురుతో మెల్లగా బయటికి తోసేవాడు. అమ్మ కేకలేస్తే పెరట్లోకి పోయి పనసచెట్టుతో చెప్పుకునేవాడు. పొద్దు వాలేసరికి నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ నల్లటి చేత్తో అన్నం కలిపి పెట్టేవాడు. పప్పుచారు, బారువనించి వచ్చిన ఎండు నెత్తళ్ళ వేపుడు, ముద్ద ముద్దకీ ఒక చిన్న చేప. నేను నాయన చేత్తో తప్ప తినేదాన్ని కాదు. అమ్మకి దాని మీద కూడా కోపమే.

అలాంటిదాన్ని ఒకరోజు నోరు బిగించేశాను. మా ఊళ్ళో కథ జరిగిన మర్నాడది. బళ్ళో మధ్యాహ్నం అందరం సద్దిగిన్నెలు తెరిచి గుండ్రంగా కూర్చుంటే, పిల్లలందరూ గిన్నెలెత్తుకుని నా పక్కనించి జరిగిపోయారు. "మారిరాజు కూతురు పక్కన తినకండర్రా, ఎనకనించి పొడిసీద్ది" అంది నా ప్రాణస్నేహితురాలే. ఇంకోడు "దాని బాబు సేతులు సూడండి, పోలన్న నెత్తురు ఎండి నల్లగా అయిపోనాయి" అన్నాడు. గిన్నె మూసేసి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం నాయన ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకున్నాను.

"మారిరాజు సేతి ముద్ద నాను తినను."

అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. నాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "మరేటి సెయ్యమంతావమ్మా?" అని నన్నే అడిగాడు. "పోలన్నని సంపకు" అన్నాను.  మూడు రోజులు అమ్మ చేత్తో తిన్నాను, అది కూడా ఏడుస్తూ. మూడు రోజులూ నాయన కలిపిన ముద్ద కాసేపు చేతిలో పట్టుకుని, తరవాత తను తినేవాడు. నాలుగోనాడు బట్టీనించి వచ్చి, సైకిలు కూడా స్టాండు వెయ్యకుండా గోడకి ఆనించి, నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "సరే. అక్కుపల్లిలో కథుంది. సంపను. ఇంక తింతావా?" అన్నాడు. "సూసినాక తింతాను" అన్నాను. పెంకితనం అప్పుడే అంత ఉండేది నాకు. ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ అనరు లెండి.

అలా నేనూ వెంటపడి అక్కుపల్లి వెళ్ళాను. తోటల్లోంచి ఇసకలో నడక. అక్కుపల్లివాళ్ళు వేటకి పోయే జనం, వేకువనే పడవలు దింపాలి కాబట్టి కథ పగటిపూటే పెట్టించుకునేవాళ్ళు. ఈసారి పెట్టించడానికి వేరే కారణం ఉంది. అది మావకి తెలుసు, నాయనకీ తెలుసు. నాకు ఎవరూ చెప్పలేదు. నెల కిందట ఒక పడవ వేటకెళ్ళి, వెళ్ళిన నలుగురిలో ముగ్గురితోనే తిరిగొచ్చింది. రానివాడు కూర్మయ్య. అతని భార్యే ఎర్రమ్మ, చిన్న పిల్లల తల్లి, అప్పటికి ఇరవై దాటి ఉంటుందేమో. శవం ఒడ్డుకి కొట్టుకురాలేదు. ఎర్రమ్మ ఏడవలేదు. గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు, రోజూ మొగుడి వాటా అన్నం వండి గిన్నెలో పెట్టి, మూత వేసి, ఒడ్డుకి పట్టుకెళ్ళి కూర్చునేది. రాత్రికి ఆ అన్నం కుక్కలకి పెట్టి, పొద్దున్నే మళ్ళీ వండేది. తను మాత్రం సరిగ్గా తినడం లేదు, చిక్కి సగమైపోయింది. పోలన్న కథ వింటే రాయి కూడా ఏడుస్తుంది కదా, ఈమె కూడా ఏడుస్తుందేమోనని ఊరివాళ్ళు మమ్మల్ని పిలిచారు.

ఇసకలో తెరచాప గుడ్డ పరిచి కథ మొదలుపెట్టారు. ఎర్రమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆమె పక్కన మూతపెట్టిన గిన్నె ఉంది. నేను నాయనకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను, మాట తప్పుతాడేమోనని కాపలా. చెరువు కాపలా ఎత్తించిన చోట మగవాళ్ళు ఈలలేశారు. నీలమ్మ తమ్ముడి కోసం ఎదురుచూసిన చోట ఆడవాళ్ళు ముక్కులు చీదారు. ఎర్రమ్మ కన్ను చెమ్మగిల్లలేదు. చివరికి భోజనం ఘట్టం వచ్చింది. అప్పలస్వామి మావ పోలన్నయి తల వంచాడు. నాయన చెక్కకత్తి ఎత్తాడు. ఎత్తి, నా వంక చూశాడు. కత్తి ఇసకలో పడేశాడు.

"నా సేతులు రానేదు బావా. తిను. కడుపు నిండా తిను" అన్నాడు.

జముకు ఆగిపోయింది. మావ వంచిన తల ఎత్తి నోరు తెరిచాడు. ఏమనుకున్నాడో ఏమో, తడుముకుని, మంగళం పాడేశాడు. నేను చప్పట్లు కొట్టాను. అంత మందిలో నేనొక్కదాన్నే. అప్పుడు ఎర్రమ్మ లేచి నిలబడింది. ఆమె మొహం వెలిగిపోతోంది. పక్కనున్న అత్తతో "ఇన్నావా అత్తా! పోలన్నే బతికీసినాడు. ఈడూ వొచ్చీత్తాడు. నాను సెప్పనేదా?" అంది. గిన్నె తీసుకుని గబగబా ఒడ్డు వైపు నడిచింది. ఆడవాళ్ళెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అత్త ముసిల్ది మా నాయన దగ్గరికి వచ్చింది. కోపం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. "ఏటి సేసినావు బావూ" అంది. "నెల్లాల్లయినా అది ఏడవనేదు. దాని ఏడుపు దానికిప్పించమని నిన్ను పిలిసినాం. నా కొడుకు మరి రాడు. ఆ మాట దాని మొకం మీద సెప్పడానికి కన్నతల్లిని నాకే నోరు రాలేదు. నువ్వు సెప్తావనుకున్నాం." నాయన మొహం నల్లబడిపోయింది. "ఏడిపించడవెందుకు, పోలన్న బతికితే దానికీ ఓదార్పుగుంటాదనుకున్నానమ్మా" అన్నాడు మెల్లగా. నా పేరు చెప్పలేదు. నా పేరు చెప్పి ఉంటే బావుణ్ణని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఆ పూట ఊరు మా అందరికీ అన్నం పెట్టింది. చంపలేదు కదా. నాయన విస్తరి ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. తరవాత నన్ను ఒక పడవ పక్కకి తీసుకెళ్ళాడు. "అమ్మా, నీకిచ్చిన మాట తప్పుతాను. రేపు సంపుతాను. నువ్వు మరి నా సేత్తో తినకపోతే తినకు. ఎర్రమ్మ అలా ఉంటే మాత్రం నాను సూడనేను" అన్నాడు.  

ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాం. మర్నాడు మధ్యాహ్నం ఒక్క భోజనం ఘట్టమే మళ్ళీ చెప్పారు. మామూలుగా నాయన ఆ చోట పళ్ళు కొరికి, కళ్ళెర్రజేసి, పెద్దగా నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. ఎంతో ప్రేమగా వడ్డించాడు. "మీ అప్ప వండినాది బావా. ఇంకొంచెం ఎయ్యనా? అలిసిపోనావు, తిను" అన్నాడు.  అదే గొంతుతో నాకు ముద్దలు పెట్టేవాడు. ఆ గొంతుతోనే పొడిచాడు. "బావా!" అన్నాడు మావ. అక్కడితో కథ ఆపాలి. నాయన ఆపలేదు. కత్తి పట్టుకునే రెండడుగులు ముందుకు వచ్చి, నీలమ్మతో చెబుతున్నట్టు, ఎర్రమ్మ గిన్నె వంక చూస్తూ కథలో లేని మాట అన్నాడు.

"ఎదురుసూడకే. ఆడు మరి రాడు. నాను సంపీసినాను. అన్నం మూసిపెట్టకు, ఆడు మరి తినడు."

ఎర్రమ్మ ఒక్క ఉదుటున లేచింది. గిన్నె ఇసకలో దొర్లింది. మీద పడి రెండు పిడికిళ్ళతో మా నాయన రొమ్ము మీద కొట్టింది. "నువ్వే సంపినావు! నా మొగున్ని నువ్వే సంపినావు! ఆడు నీకేటి సేసినాడురా!" ఒక్కొక్క దెబ్బకీ చేతిగాజులు పగిలాయి. నాయన చొక్కా చిరిగి రొమ్ము మీద నెత్తురు గీతలు పడ్డాయి. ఆపడానికి మగవాళ్ళు లేస్తే అత్త చేతులడ్డం పెట్టింది. నాయన చేతులు కిందికి వదిలేసి, కదలకుండా, మారిరాజు లాగే నిలబడ్డాడు. నేను "నాయనా" అని అరవబోయి ఆగిపోయాను. అక్కడ ఆ క్షణాన ఆయన నా నాయన కాకూడదని నాకెలా తెలిసిందో తెలియదు, తెలిసింది. చివరికి గాజులన్నీ అయిపోయాక ఎర్రమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, ఇసక పిడికిళ్ళతో పట్టుకుని, "ఓలమ్మా" అని ఏడ్చింది. ఆడవాళ్ళందరూ వచ్చి ఆమెని చుట్టేసి ఏడ్చారు.

మావకీ జముకాయనకీ విస్తళ్ళు వేస్తున్నారు. మేమిద్దరం వెనక దారి పట్టాం. నాయన వెనక్కి తిరగలేదు. నేను మాత్రం ఒకసారి దొంగతనంగా తిరిగి చూశాను, తెల్లటి ఇసకలో ఆ గుంపు ఇంకా అలాగే ఉంది.  ఇంటికొచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. అమ్మ నాయన చొక్కా చూసి కేకెయ్యబోయి, మొహం చూసి మానేసి, అన్నం పెట్టింది. నాయన ముద్ద కలిపాడు. నన్ను పిలవలేదు. నేనే వెళ్ళి ఒళ్ళో కూర్చుని నోరు తెరిచాను. ఆయన పెట్టిన ముద్దలో సగం మెతుకులు నా గౌను మీద పడ్డాయి.

ఇప్పుడు మా మనవలు ఫోనుల్లో ఏవో వీరగాథలు చూస్తారు. అందులో దుర్మార్గుడి మీద ఎవరికీ కోపం రాదు. వాడి మీసం బావుందంటారు, వాడి నడక నడుస్తారు, ఒక చేత్తో చిప్స్ తింటూనే ఉంటారు. వీరుడు పోయినా కన్నీరు రాదు, మళ్ళీ వచ్చే భాగంలో లేస్తాడని ముందే తెలుసు. వాళ్ళని నేనేమీ అనను. అంటే ముసలమ్మ మొదలెట్టింది అంటారు. నాకు మాత్రం అనిపిస్తుంది, ఆ రోజుల్లో మంచికీ చెడ్డకీ మధ్య గీత గీసి ఊరుకోలేదు మావాళ్ళు. చెడ్డ వైపు నిలబడడానికి ఒక మంచి మనిషిని వెతికి నిలబెట్టుకున్నారు, తమ కోపమూ ఏడుపూ భరించగలిగినవాణ్ణి. ఆ మనిషి మా నాయన అయ్యాడు. నేను బళ్ళో ఎందుకు సిగ్గుపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బంతి లేచాక ఎర్రమ్మ నన్ను ఒక అరిటాకు అడిగింది. నాయన ఫోటో ముందు కింద కూర్చుని, ఆకు పరిచి, నీళ్ళు చల్లింది. "ఆ ఏడే పిల్లల్ని ఎంటబెట్టుకుని మావోల్లతో గుజరాతు ఒడ్డుకి పోనానమ్మా. శానా ఏల్లకి తిరిగొచ్చినాను. అప్పటికి ఈయన కథ మానీసినాడు, ఊరు మారిపోనాడు. ఎవుల్నడిగినా మారిరాజు తెలీదన్నారు. మొన్న కాశీబుగ్గ బజార్లో ఓ ముసిలాయన సెప్పినాడు, మారిరాజు పోయినాడంట, ఎల్లుండి పెద్దకర్మంట అని" అంది. క్యారేజీ తెరవబోయి ఆగి నా వైపు తిరిగింది.

"ఆ దినం నా సేతి దెబ్బలు తినీసి, ఆకలితో ఎల్లిపోనాడు గదమ్మా. ఇంటికాడైనా తిన్నాడా?"

ఇన్నేళ్ళూ ఆమె మోసుకు తిరిగిన మాట అది. గుజరాతు దాకా తీసుకెళ్ళి మళ్ళీ తీసుకొచ్చింది. "తిన్నాడు ఎర్రమ్మప్పా. ముందు నాకు పెట్టి, తిన్నాడు" అన్నాను. ఆమె గుండెల నిండా ఊపిరి తీసి వదిలింది. మా తమ్ముడి కొడుకు పక్కకొచ్చి "ఎవరత్తా ఈమె?" అని గుసగుసగా అడిగాడు. ఎర్రమ్మకి వినబడింది. "నాకు ఏడుపిచ్చినోడు బావూ మీ తాత" అంది. తరవాత మూత తీసి, వేడన్నం ఆకు నిండా వడ్డించి, చేపల పులుసు పోసి, ముళ్ళు ఏరి, తన చేత్తో మొదటి ముద్ద కలిపి ఫోటో వైపు పెట్టింది.

"తిను బావూ. మా ఊరి అన్నమే."